ఎర్రగడ్డ పుస్తకానికి వారబందీ

ఆ రోజుల్లో చదువు ఎంత కష్టంగా ఉండేదో చెప్పి ఈ కాలం పిల్లల ప్రాణం తీయడానికి నాకు అన్ని అర్హతలూ ఉన్నాయి. పదహారో ఏట మొదలుపెట్టిన డైరీ రాయడం ఇంతవరకు ఒక్క రోజు కూడా తప్పలేదు (జ్వరం వచ్చిన రోజుల్లో "జ్వరం" అని రాశాను). కాబట్టి నా కష్టాలకు తేదీలతో సహా రుజువులున్నాయి. అయినా ఆ పని చేయను. మొన్న మా తమ్ముడి మనవరాలు వచ్చింది. ఆ పిల్ల కడపలో లా చదువుతోంది. తీర్పులూ వ్యాఖ్యానాలూ అన్నీ దొరికే ఒక ఆన్‌లైన్ లైబ్రరీకి అయిదుగురు స్నేహితురాళ్లు కలిసి ఒకే పాస్‌వర్డ్ తీసుకున్నారట. "పెద్దతాతా, ఒకరు తెరిస్తే ఇంకొకర్ని బయటికి తోసేస్తాది. దినామూ కొట్లాటే. నువ్వు శానా పద్ధతైన మనిషివంట గదా, మాకొక టైమ్ టేబుల్ రాసియ్యి" అంది. రాయనన్నాను. "ఏం, చేతులు నొస్తాండాయా?" అంది. అవునన్నాను. చేతులు బాగానే ఉన్నాయి. అసలు కారణం ఆ పిల్లకు చెప్పలేకపోయాను. మీకు చెబుతాను, మీరు నా బంధువులు కారు కాబట్టి.

అప్పుడు నేను కర్నూల్లో లా రెండో ఏడాది. పొద్దున ఏడు నుంచి పది దాకా క్లాసులు, ఆ తర్వాత ఎవరి బతుకు వాళ్లది. ఆ ఏడాది అందర్నీ భయపెట్టిన పేపరు ఆస్తి బదిలీ చట్టం. చట్టం చిన్నదే. దాని మీద రాసిన వ్యాఖ్యానం మాత్రం ఇటుకంత. కొనే మాట మాలో ఎవరి నోటా రాదు. మా కాలేజీ లైబ్రరీలో ఆ పుస్తకానికి కార్డు ఉండేది, పుస్తకం ఉండేది కాదు. పాతబస్తీ వైపున్న గ్రంథాలయంలో ఒకే ఒక్క ప్రతి ఉండేది. ఎర్ర అట్ట. లోపల షరతులు, వాటికి మినహాయింపులు, ఆ మినహాయింపులకు మళ్లీ మినహాయింపులు. పొర ఒలిచేకొద్దీ పొర, ఒలిచేవాడి కళ్లలో నీళ్లు. కర్నూలు వాళ్లం కదా, దానికి ఎర్రగడ్డ అని పేరు పెట్టాం (ఉల్లిపాయను ఎర్రగడ్డ అనని జిల్లాలు కూడా ఉన్నాయని ఉద్యోగంలో చేరాక తెలిసింది). ఆ పుస్తకాన్ని ఇంటికి ఇవ్వరు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా తెరిచే రెఫరెన్సు గదిలోనే కూర్చుని చదువుకోవాలి. దానికోసం కాచుకుని ఉన్నవాళ్లం ఆరుగురం.

మొదట్లో బస్సు పద్ధతి నడిచింది. కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడం మా వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. నాలుగింటికి తలుపు తెరవగానే ఆరు తువ్వాళ్లు గాల్లోకి లేచేవి. ఎవరిది ఎర్రగడ్డ మీద పడితే ఆ రోజుకు పుస్తకం వాడిది. ఒక రోజు రెండు తువ్వాళ్లు ఒకేసారి పడ్డాయి. ఒకటి నాది, రెండోది ఒక పెద్ద వకీలు గారి అబ్బాయిది. అతణ్ని మేం చిన్నవకీలు అనేవాళ్లం. ఇద్దరం చెరోవైపు లాగాం. అట్ట ఒకరి చేతిలోకి, పుస్తకం ఇంకొకరి చేతిలోకి వచ్చాయి. లైబ్రేరియన్ లేచి వచ్చాడు. ఆయన గోడ గడియారం చూసి తప్ప ఏ పనీ చేయడు కాబట్టి ఆయన్ను గడియారం సాబ్ అనేవాళ్లం. ఆ రోజు గడియారం చూడకుండానే అరిచాడు.

"ఏమప్పా, మీరు లా సదివేటోళ్లా, ఆదోని బస్సెక్కేటోళ్లా? కితాబును కోడిపిల్లను లాగినట్ల లాగుతాండారే! బస్, ఖతం. ఇది బీరువాలో పెడ్తా. మీలో ఒకడు జిమ్మా తీసుకుంటే ఇస్తా, లేకుంటే ఎవరికీ ల్యా."

ఆ జిమ్మా, అంటే పూచీ, తీసుకోవడానికి నేను ముందుకొచ్చాను. నా చేతిలో డైరీ ఉంది, జేబులో రెండు రంగుల పెన్నులున్నాయి, ఇంట్లో చిన్నాయన ఉన్నాడు. చిన్నాయన కె.సి. (కర్నూలు-కడప) కాలువ మీద లస్కర్. అంటే వేళ ప్రకారం తూములు తెరిచి మూసే మనిషి. నీళ్లు తక్కువైన ఏడాది కాలువ కింద వారబందీ పెడతారు. ఎవరి మడికి ఏ రోజు, ఎన్ని గంటలు నీళ్లు అని ముందే వంతులు రాసి ఆ ప్రకారం వదలడం. చిన్నాయన పక్కన గట్టు మీద కూర్చుని నేను ఆ వంతులు రాసిపెట్టేవాణ్ని. పుస్తకానికి కూడా వారబందీ పెడతానని చెబితే ఆయన బీడీ ఆర్పి నా వైపు చూశాడు. "పెట్టు. అయితే ఒగ మాట ఇనుకో. నీళ్లు పంచేటోనికి ఆ కాలవ కింద మడి ఉండకూడదురా" అన్నాడు. నేను ఆ మాటను డైరీలో రాసుకున్నాను. రాసుకుంటే పాటించినట్టే అని నా నమ్మకం.

నాలుగు గంటలంటే రెండు వందల నలభై నిమిషాలు. ఆరుగురికి తలా నలభై. ఎక్కడా చిల్లర మిగల్లేదు. ఆ లెక్క కుదిరినందుకు నాకు కలిగిన ఆనందం తర్వాత డిగ్రీ చేతికొచ్చినప్పుడు కూడా కలగలేదు. తొమ్మిది నిబంధనలు నీలి సిరాతో, వంతులు ఎర్ర సిరాతో రాసి బీరువా తలుపు లోపల అంటించాను. మొదటి వంతు నాది. పంచేవాడు తూము దగ్గరే ఉండాలి కదా. రెండోది చిన్నవకీలుది. ఆఖరిది, ఏడూ ఇరవై నుంచి ఎనిమిది దాకా, మగ్గమన్నది.

మగ్గమన్న గురించి చెప్పాలి. కడప జిల్లాలోని ఒక నేత ఊరి నుంచి వచ్చాడు. మాకంటే నాలుగేళ్లు పెద్ద, పెళ్లయినవాడు. పొద్దున క్లాసు, పదకొండు నుంచి ఏడు దాకా ఒక చీరల అంగట్లో చీరలు విప్పి చూపించి మళ్లీ మడతలు పెట్టే పని. ఈ పేపరు అప్పటికే రెండుసార్లు తప్పాడు. "నేను నెయ్యాల్సిన చీరలు నా పెండ్లాం నేస్తాండాదప్పా. ఈ తూరి గూడా తప్పితే మగ్గం గుంతలోకి దిగు, ఇంగ సదువు మాటెత్తొద్దు అన్యాడు మా మామ" అని నవ్వుతూ చెప్పేవాడు. లా ఎందుకన్నా అని నేనొకసారి అడిగాను. "మా వీధిలో డెబ్బై మగ్గాలుండాయి. ఏ కాగితమొచ్చినా ఏలిముద్ర ఏసేటోళ్లే గానీ సదివేటోడు ఒక్కడు ల్యా. ఒక్కడన్నా ఉండల్ల గదా" అన్నాడు. ఆ మాట కూడా రాసుకున్నాను.

అతనికి ఆఖరి వంతు ఇవ్వడానికి నా దగ్గర తిరుగులేని కారణం ఉంది. ఏడింటికి ముందు అతను రాలేడు. అంగడికి వారానికి ఒక్క శుక్రవారం సెలవు. గ్రంథాలయానికి కూడా శుక్రవారమే సెలవు. ఆ విషయం తెలిసిన రోజు మేమందరం పడీపడీ నవ్వాం. అతనూ నవ్వాడు.

కాగితం మీద అందరికీ నలభై నిమిషాలే. కాలువలో మాత్రం నీళ్లు కాగితం ప్రకారం పారవు. నేను నా పేరా పూర్తి చేసుకోవడానికి మూడు నిమిషాలు ఎక్కువ తీసుకునేవాణ్ని. నాకు నేను మూడు ఇచ్చుకున్నవాణ్ని, చిన్నవకీలును ఎలా అడగను? అలా అయిదుగురివీ కలిపి పదిహేను నిమిషాలు పోయేవి. పైగా రెఫరెన్సు గదికి పదకొండు కిటికీలు. గడియారం సాబ్ పావు తక్కువ ఎనిమిదికి మొదటి కిటికీ గడియ పెట్టేవాడు. అయిదో కిటికీ మూసే సరికి చేయి చాపేవాడు. "కితాబ్." మగ్గమన్న చదువు అక్కడితో ఆగిపోయేది. అంటే అతనికి దక్కేవి పది, పన్నెండు నిమిషాలు. పెదాలు కదుపుతూ, వేలు వరస వెంట పరిగెత్తిస్తూ చదివేవాడు.

"ఏమప్పా లస్కరూ," అన్నాడు ఒకరోజు సైకిల్ తాళం తీస్తూ, "నా మడికి నీళ్లు రావడంల్యా. మడి చుట్టూ గెనాలు గూడా తడవడంల్యా."

"పారేటప్పుడు ఆవిరి, ఇంకుడు నష్టాలు ఉంటాయన్నా. అవి ఆఖరి మడికే ఎక్కువగా తగులుతాయి. చిన్నాయన్ను అడిగి చూడు" అన్నాను. (ఇది హాస్యానికి అన్న మాట కాదు. నిజంగానే వివరించాను.)

"ఓహో! అట్లైతే నా నలభై నిమిషాలు ఆకాశానికి పోయిండాయి. వానగా వస్తాయిలే" అన్నాడు. వాన అనే మాట మా ప్రాంతంలో ఎంత హాస్యమో మీకు తెలుసు.

పరీక్షకు ముందు రోజు వచ్చింది. మగ్గమన్న అంగడి యజమానిని ఎలా ఒప్పించాడో, ఆ ఒక్క రోజు సెలవు సంపాదించాడు. పొద్దున క్లాసు దగ్గర నన్ను పట్టుకున్నాడు. "దానాల అధ్యాయమూ, కౌలు అధ్యాయమూ నేను ఇంగా ముట్టనే ముట్టల్యా. ఈ ఒక్క దినం తొలి వంతు నాకియ్యప్పా. నీది నేను, నాది నువ్వు తీసుకుందాం" అన్నాడు. నిజం చెప్పాలంటే, ఆ రెండు అధ్యాయాలనూ నేను కూడా ఆ రోజు కోసమే మిగిల్చుకున్నాను. చివరి రోజు చదివితే మనసులో తాజాగా ఉంటాయని నా పద్ధతి. ఆ మాట పైకి చెప్పి ఉంటే కనీసం మనిషినన్న పేరైనా మిగిలేది. ఏడో నిబంధన ఎత్తాను. వంతు మార్చుకోవాలంటే సభ్యులందరి సంతకాలూ కావాలి.

అతను ఒక్క నిమిషం నన్ను చూసి, "అట్లనే" అని సైకిలెక్కాడు. వేసవి, కర్నూలు. పది దాటితే రోడ్డు మీద కుక్కలు కూడా కనబడవు. ఒకాయన కల్లూరులో ఒక నూనె మిల్లులో లెక్కలు రాసేవాడు. అక్కడికి పోయాడు. ఒకాయన స్టేషను వైపు ట్యూషన్లు చెప్పేవాడు. అక్కడికీ పోయాడు. ఒకాయన బడిపంతులు, భోజనం చేసి నిద్రపోతున్నాడు. ఆయన లేచేదాకా అరుగు మీద కాచుకున్నాడు. చిన్నవకీలు కోర్టు దగ్గర టీ హోటల్లో దొరికాడు. చదువుకోవడానికి పెట్టిన సెలవులో సగం అలా సంతకాలకు పోయింది. నాలుగింటికి పది నిమిషాలు ముందు గ్రంథాలయం మెట్ల మీద నాకు కాగితం అందించాడు. చొక్కా వీపుకు అంటుకుని ఉంది. నాలుగు సంతకాలు, నాలుగు రంగుల సిరాలు.

"ఇంగ నీదొక్కటే" అన్నాడు.

నేను ఆ కాగితం పూర్తిగా చదివాను. అక్షరదోషాలు కూడా చూశాను. తర్వాత, ఇప్పటికీ నా చెవులకే నమ్మశక్యం కాని మాట అన్నాను. "అన్నా, ఏడులో రెండో భాగం చూడలేదు నువ్వు. అర్జీ ఒక రోజు ముందు ఇవ్వాలి."

పక్కనున్న చిన్నవకీలు కూడా "అరె, పోనీలేప్పా, ఇయ్యి" అన్నాడు. గడియారం సాబ్ తాళంచెవుల గుత్తి పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. "క్యా లస్కర్, నువ్వు రాసిన కాగజ్ నువ్వే మార్చలేవా?" అన్నాడు. ఒకసారి మారిస్తే ఇక వారబందీకి విలువ ఉండదని నేను ఆయనకు చెప్పాను. గొంతు వణకలేదు. ఆ విషయంలో నాకు పూర్తి గుర్తింపు దక్కాలి.

మగ్గమన్న అర్జీని నాలుగు మడతలు పెట్టాడు, చీర మడతపెట్టినంత నేర్పుగా. "సరేలేప్పా. కాలవ నీది, తూము నీది. నేను ఈడ్నే కూసోనుంటా" అని మెట్ల మీద కూర్చున్నాడు. నేను లోపలికి పోయి ఎర్రగడ్డ తెరిచి దానాల అధ్యాయం చదివాను. నలభై మూడు నిమిషాలు. అతని వంతు వచ్చేసరికి కిటికీలు మూయడం మొదలుపెట్టడానికి ఎక్కువసేపు లేదు. ఆ రోజు గడియారం సాబ్ మాత్రం కిటికీలు మామూలు కంటే మెల్లగా మూశాడు. ఆయన చేయగలిగింది ఆయన చేశాడు. నిబంధనలు లేని మనిషి.

మరుసటి రోజు పేపర్లో దానాల మీద ఒక ప్రశ్న, కౌలు మీద ఒక ప్రశ్న వచ్చాయి. చాలా బాగా రాశాను.

పరీక్షలు అయిపోయాక చిన్నవకీలు మమ్మల్ని ఇంటికి పిలిచాడు. మగ్గమన్న అంగట్లో ఉన్నాడు, రాలేదు. వాళ్ల నాయన ముందుగదిలో గోడ పొడవునా పుస్తకాలు. పై అరలో ఎర్రగడ్డ. కింది అరలో ఇంకొక ఎర్రగడ్డ, కొత్త ముద్రణ. మూడోది అంతకంటే పాతది, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది. "ఇన్ని ఇంట్లో పెట్టుకొని దినామూ లైబ్రరీకి ఏంటికి వస్తాంటివి రా?" అని బడిపంతులు అడిగాడు. "ఇంట్లో కూసుంటే సదువు ఎక్కదు సార్. నలుగురి మధ్యలో అయితే కొంచెం భయముంటాది" అన్నాడు చిన్నవకీలు. అబద్ధమాడలేదు, దాచనూ లేదు. ఎవరూ అడగలేదు, అంతే. తొమ్మిది నిబంధనలు రాసిన నేను "మీ ఇంట్లో ఈ పుస్తకం ఉందా?" అన్న ఒక్క ప్రశ్న రాయలేదు. చేనిలో మూడు బావులున్నవాడికి రెండో వంతు కాలువ నీళ్లిచ్చి, ఆఖరి మడికి ఇంకుడు నష్టాలు వివరించాను.

ఫలితాలొచ్చాయి. నేను మూడు మార్కుల మీద గట్టెక్కాను. మగ్గమన్న ఏడు మార్కులు తక్కువై తప్పాడు. ఆ మొదటి వంతు అతనికిచ్చి ఉంటే బహుశా నేను తప్పేవాణ్ని. తప్పితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. నేను నల్లకోటు ఒక్క రోజు కూడా వేసుకోలేదు. కడపలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయాను. ఆ ఉద్యోగానికి లా డిగ్రీ ఎవరూ అడగలేదు. పని మాత్రం ఒకటి దొరికింది. ఆఫీసులో ఎవరి సెలవు అర్జీ అయినా ఏ నిబంధన కింద తిరస్కరించవచ్చో నన్నడిగేవారు.

ఊరికి పోయే ముందు మగ్గమన్న గ్రంథాలయానికి వచ్చాడు. సభ్యత్వ కార్డు గడియారం సాబ్‌కు ఇచ్చేసి, నా దగ్గరికి వచ్చి ఒక లావుపాటి నోట్సు చేతిలో పెట్టాడు. "నాకింగ దీంతో పనేముండాది? సగానికి పైగా తెల్లకాగితాలే. నువ్వు రాసుకుండేటోడివి గదా, రాసుకో" అన్నాడు. నేను ఏదో అనబోయాను. "ఏమీ అనొద్దులేప్పా. నీ వంతులు లేని తువ్వాళ్ల కాలంలో నాకు పది నిమిషాలు గూడా రాల్యా" అని భుజం తట్టి పోయాడు. ఆ మాట నన్ను ఓదార్చడానికన్నాడో, పొడవడానికన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. అప్పుడు మాత్రం పొగడ్తగా తీసుకున్నాను. డైరీలో అలాగే ఉంది.

నేను ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్లూ అతని ఊరు గంటన్నర బస్సు ప్రయాణం దూరంలోనే ఉంది. ఒక్కసారీ వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఏ డైరీలోనూ రాసుకోలేదు. ఒకసారి మా ఆఫీసు అటెండరు, ఆ ఊరివాడే, చెప్పాడు. "మా వీధిలో సగం లాయరని ఒకాయప్ప ఉండాడు సార్. ఎవరు కాగితం తీసకపోయినా మగ్గంలోనే కూసోని సదివి చెప్తాడు. సగం సదివి, ఇంతవరకే నాకు తెలుసు, మిగతాది వకీలు దగ్గరికి పోయి అడుగుపో అంటాడు." ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే కారణం అడుగుతారు.

ఉద్యోగం నుంచి దిగిపోయాక, చేయడానికి పనిలేక, నా డైరీలన్నిటికీ సూచిక తయారు చేయడం మొదలుపెట్టాను. ఏ ఏడాది ఏ పుస్తకంలో ఉందో, ఏ పుటలో ఏముందో రాసుకుంటూ పోతుంటే మగ్గమన్న నోట్సు తగిలింది. అతను ఊరికి పోయిన మరుసటి ఏడాది నేను కొత్త డైరీ కొనలేదు. అతను వాడిన పుటల్ని ఒకచోట చేర్చి పిన్ను గుచ్చేసి, మిగిలిన తెల్లకాగితాల మీద నా రోజులు రాసుకున్నాను. ఇప్పుడా పిన్ను తుప్పు పట్టి ఉంది. తీసి, మొదటిసారిగా ఆ పుటలు చదివాను. పాఠాలు ఉంటాయనుకున్నాను. పాఠాలు లేవు. ప్రతి సాయంత్రానికి ఒకే వరస. పుస్తకం చేతికొచ్చిన వేళ, ఆగిపోయిన పుట. ఏడూ ముప్పై నాలుగు. ఏడూ ముప్పై ఆరు. ఏడూ ముప్పై అయిదు. ఎక్కడా ఒక ఫిర్యాదు లేదు, ఎవరి పేరూ లేదు. అవే తేదీలకు నా డైరీ తీసి పక్కన పెట్టి చూశాను. ప్రతి రోజూ ఒకే వాక్యం ఉంది. "వంతులు సక్రమంగా జరిగినవి."

అతని ఆఖరి వరస పరీక్ష ముందు రోజుది. "నాలుగు, మెట్లు. ఏడూ ముప్పై ఏడు, పుస్తకం." దానికి ఎదురు పుటలో నా దస్తూరి మొదలవుతుంది, నీలి సిరాతో, గీత గీసి, తేదీ వేసి. ఆ కుర్రవాడు, అంటే అప్పటి నేను, ఆ నోట్సు గురించి గమనించదగ్గదంతా గమనించాననుకుని రాసుకున్న మొదటి మాట చదివి, ఒక్కణ్నే ఉన్న గదిలో, ఏడవడం చేతకాక నవ్వాను. "కాగితం మేలైనది. సిరా పాకడం లేదు."